బరోలో రెడ్ వైన్‌ను రుచి చూడటం ఎలా?

ఇటలీ వాయవ్య భాగంలో, పీడ్‌మాంట్ ప్రాంతపు ఆల్బా పట్టణం చుట్టుపక్కల కొండల మీద నెబ్బియోలో అనే ద్రాక్ష పండుతుంది. అచ్చంగా ఆ ఒక్క ద్రాక్షతోనే బరోలో చేస్తారు. కనీసం 38 నెలలు, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో మాగకుండా దాన్ని అమ్మకూడదు. ఇంత మాగినా మొదటి గుటక నోటిని బిగబట్టేస్తుంది. చాలామంది అక్కడే నిరాశపడి గ్లాసు పక్కన పెట్టేస్తారు. ఆ వగరు దాటితే గానీ బరోలో అందం తెలియదు.

సీసా ఎంచుకోవడం

లేబుల్ మీద ఊరి పేరు ఉంటే చూడండి. లా మోర్రా వైపు వైన్‌లు కాస్త మెత్తగా ఉండి త్వరగా తాగడానికి వస్తాయి. సెర్రలుంగా ద'ఆల్బావి వగరెక్కువ, చాలా ఏళ్లు ఆగాలి. మొదటిసారి కొనేవాళ్లకి ఏడెనిమిదేళ్లు దాటిన లా మోర్రా సీసా మేలు.

చల్లదనం, గాలి

16 నుంచి 18 డిగ్రీల మధ్య తాగాలి. రెడ్ వైన్‌ను గది వేడిలోనే ఇవ్వాలన్న మాట యూరప్ చలి గదులకు సరిపోతుంది. హైదరాబాద్ ఎండాకాలంలో అలా పోస్తే ఆల్కహాల్ ఘాటు ముక్కుకెక్కి, సువాసనలన్నిటినీ మింగేస్తుంది. సీసాను దాదాపు గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచండి. మరీ చల్లబడితే వగరు ఇంకా గట్టిపడుతుంది. అప్పుడు గ్లాసును అరచేతుల్లో పట్టుకుంటే చాలు.

పదేళ్ల లోపు వైన్ అయితే వెడల్పాటి జాడీలోకి ఒంపి, గంట నుంచి రెండు గంటలు వదిలేయండి. బిరడా మాత్రమే తీసి పెడితే లాభం లేదు, సన్నటి మెడలోంచి గాలి లోపలికి పెద్దగా పోదు. ఇరవై ఏళ్లు దాటిన సీసాను ముందురోజే నిలబెట్టి మడ్డి అడుగుకు దిగనివ్వండి. సరిగ్గా తాగబోయేటప్పుడే నెమ్మదిగా వంచండి. ముందుగా ఒంపి ఉంచితే పాత వైన్ పరిమళం ఎగిరిపోతుంది.

చూడటం, వాసన పట్టడం

పెద్ద పొట్ట ఉన్న కాడ గ్లాసులో 75 మిల్లీలీటర్లు పోయండి. తెల్ల కాగితం మీద వంచి చూస్తే రంగు పల్చగా, అంచు ఇటుక రంగులో కనిపిస్తుంది. పల్చగా ఉందని వైన్ బలహీనమనుకోవద్దు, నెబ్బియోలో రంగే అంత.

మొదట కదపకుండా ఒకసారి, తర్వాత గ్లాసును గుండ్రంగా తిప్పి ఇంకోసారి వాసన చూడండి. చిన్న చిన్న శ్వాసలు చాలు, ముక్కు త్వరగా అలసిపోతుంది. ఎండు గులాబీ, చెర్రీ, అతిమధురం, తారు వాసనలు వస్తాయి. వయసు మీరితే ఎండుటాకులు, పుట్టగొడుగులు గుర్తొస్తాయి. గదిలో అగరొత్తులు, సెంటు, మల్లెపూలు లేకుండా చూసుకోండి. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే కార్క్ నుంచి వచ్చిన దోషమది. ఎంతసేపు గాలి తగిలినా పోదు. కొట్టుకు తిరిగి తీసుకెళ్లడమే.

నోట్లో

రెండు చెంచాల వైన్ తీసుకుని పది సెకన్లు నోరంతా తిప్పండి. పెదవులు కొద్దిగా తెరిచి గాలి పీలిస్తే పరిమళం గొంతు వెనక నుంచి ముక్కుకు చేరుతుంది. ముందు పులుపుకి నోరూరుతుంది, వెంటనే చిగుళ్లు, బుగ్గల లోపలి వైపు ఆరిపోతాయి. ద్రాక్ష తొక్కల్లోని టానిన్లు అనే వగరు పదార్థాలు లాలాజలంలోని ప్రొటీన్లకు అతుక్కోవడమే దీనికి కారణం. మంచి బరోలోలో ఈ వగరు ఎంత ఉన్నా గరుకుగా గీరదు, సన్నటి పొడిలా పరుచుకుంటుంది. మింగాక ఆగండి: గులాబీ, చెర్రీ మళ్లీ పైకి వచ్చి చాలాసేపు నిలుస్తాయి. వగరు ఒక్కటే మిగిలితే వైన్ ఇంకా పచ్చిది.

ఇప్పుడు ముదురు పార్మెజాన్ చీజ్ ముక్కో, మెత్తగా ఉడికిన మటనో తిని మళ్లీ ఒక గుటక వేయండి. టానిన్లు ఈసారి ఆ తిండిలోని ప్రొటీన్లను పట్టుకుంటాయి, నోరు తేలికపడి పండు రుచి ముందుకొస్తుంది. మటన్‌కి మిరియాలు, వెల్లుల్లి చాలు. పచ్చిమిర్చి, ఎండుకారం పడితే ఆల్కహాల్ మంట రెట్టింపై రుచి మొత్తం పోతుంది.

అరగంటకోసారి అదే గ్లాసును మళ్లీ వాసన చూస్తూ ఉండండి. మిగిలిన వైన్‌కు బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు నిలుస్తుంది. కుర్ర బరోలో కొన్నిసార్లు మర్నాడే ఇంకా బాగుంటుంది.