ఆల్జినిక్ ఆమ్లం టైట్రేషన్: లెక్క ఎక్కడ తప్పుతోంది?

తెలిసిన గాఢత ఉన్న క్షారాన్ని కొద్దికొద్దిగా పోసి ఆమ్లం ఎంతుందో కొలవడమే టైట్రేషన్. ఆల్జినిక్ ఆమ్లం (సముద్రపు నాచులోని పొడవాటి చక్కెర గొలుసు)లో ఒక్కో చక్కెర వలయానికి ఒక కార్బాక్సిల్ సమూహం (ప్రోటాన్ వదిలే ఆమ్ల భాగం) ఉంటుంది. వలయం భారం 176 కాబట్టి తేమ లేని నమూనాలో గ్రాముకు 5.68 మిల్లీమోల్స్ రావాలి. 0.1 గ్రాముకైతే 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ 5.68 మి.లీ. పడుతుంది. ఈ అంకె నోట్‌బుక్‌లో పైనే రాసుకోండి.

సమస్య: రెండు చుక్కల క్షారానికే ఫినాఫ్తలీన్ (క్షారంలో రంగు మారే సూచిక) గులాబీ రంగుకి తిరిగింది.
కారణం: మీ దగ్గరున్నది సోడియం ఆల్జినేట్, అంటే ప్రోటాన్ల స్థానంలో సోడియం ఉన్న లవణం. ప్రోటాన్లు లేనిచోట క్షారానికి పనేముంది?
పరిష్కారం: హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో అవక్షేపించి, నీళ్లు కలిపిన ఆల్కహాల్‌తో కడగండి. కడిగిన నీటిలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే తెల్లగా మసకబారకూడదు. ఇక్కడ తొందరపడితే మిగిలిన ఆమ్లం కూడా లెక్కలోకి వచ్చి విలువ గ్రాముకు 6 మిల్లీమోల్స్ దాటేస్తుంది.

సమస్య: ఫలితం పదో పన్నెండో శాతం తక్కువ.
కారణం: చాలాసార్లు తేమే. ఈ పొడి గాలిలోని నీటిని బాగా పీల్చుకుంటుంది.
పరిష్కారం: కొంత పొడిని విడిగా ఆరబెట్టి తేమ శాతం తెలుసుకుని బరువు సరిచేయండి. ఆరబెట్టిన ఆ భాగాన్ని మాత్రం టైట్రేషన్‌కి వాడొద్దు.

సమస్య: గులాబీ రంగు వచ్చి అర నిమిషంలో పోతోంది, పీహెచ్ మెల్లగా కిందికి జారుతోంది.
కారణం: బీకర్‌ని వెలుతురుకి ఎత్తి చూడండి. జిగురు ముద్దలు తేలుతుంటే క్షారం ఇంకా లోపలికి చేరలేదు. ద్రావణం తేటగా ఉంటే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పని.
పరిష్కారం: ముద్దలకు బ్యాక్ టైట్రేషనే మేలు. తెలిసిన పరిమాణంలో క్షారం ఎక్కువ వేసి, పూర్తిగా కరిగాక మిగిలినదాన్ని ఆమ్లంతో కొలవండి. కార్బన్ డయాక్సైడ్‌కైతే మరిగించి చల్లార్చిన నీళ్లు, పైన నైట్రోజన్, పక్కన ఒక బ్లాంక్ (నమూనా లేకుండా చేసే అదే టైట్రేషన్).

సమస్య: పీహెచ్ వక్రరేఖలో ఒక్కసారిగా లేచే ఎగుడు లేదు, అంతా వాలుగా సాగింది.
కారణం: ప్రోటాన్లు పోయేకొద్దీ గొలుసు మీద రుణావేశం పెరిగి, మిగిలినవాటిని గట్టిగా పట్టి ఉంచుతుంది. పీకేఏ (ఆమ్లం ప్రోటాన్‌ని ఎంత తేలిగ్గా వదులుతుందో చెప్పే అంకె) ఒకచోట నిలవదు.
పరిష్కారం: 0.1 మోలార్ సోడియం క్లోరైడ్‌లో చేయండి, ఉప్పు ఆ ఆవేశ ప్రభావాన్ని తగ్గిస్తుంది.

హెపారిన్‌లా (రక్తం గడ్డకట్టకుండా వాడే చక్కెర గొలుసు మందు) సల్ఫేట్ కూడా ఉంటే, పీహెచ్ బదులు ద్రావణం విద్యుత్తును ఎంత ప్రసరింపజేస్తుందో కొలిచే వాహకత టైట్రేషన్ చేయాలి, అందులో ఉప్పు కలపకూడదు. గీత మొదట దిగి (సల్ఫేట్), తర్వాత మెల్లగా ఎక్కి (కార్బాక్సిల్), చివర నిటారుగా లేస్తుంది. హైడ్రోజన్ రూపంలోని రెజిన్ కాలమ్ (సోడియం తీసుకుని బదులు ప్రోటాన్ ఇచ్చే పూసల గొట్టం) నుంచి దిగిన ద్రావణాన్ని అదే రోజు కొలవండి. రాత్రంతా ఉంచితే తన ఆమ్లానికి తానే సల్ఫేట్లు కోల్పోతుంది.