నేపాల్ కొండల్లో మెడికల్ క్యాంపు: చివరి రోజు ఏం చేయాలి

ఎమర్జెన్సీలు తప్ప కొత్త పేషెంట్లను మధ్యాహ్నం దాకానే చూడండి, మిగతా పూటంతా అప్పగింతలకే సరిపోతుంది. బీపీ, షుగర్ ఉన్నవాళ్లకి మందు జెనెరిక్ పేరు (కంపెనీ బ్రాండు పేరు కాదు, మందు అసలు పేరు), డోసు, మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలో నేపాలీలో రాయించి ఒక కాపీ వాళ్ల చేతికి, ఇంకోటి అక్కడి హెల్త్ పోస్టుకి (ఊళ్లోని చిన్న ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం) ఇవ్వండి, ఇంగ్లీషులో గీకిన చీటీ చాలామందికి అర్థం కాదు. మిగిలిన మందులు ఊరికే వదిలేసి రాకండి. ఎక్స్‌పైరీ దగ్గరపడ్డవి, తెరిచిన సీసాలు అసలు ఇవ్వొద్దు. ఇన్సులిన్ ఇచ్చేటట్టయితే 2-8 డిగ్రీలు ఉండే ఫ్రిజ్ ఉందో లేదో ముందు కళ్లారా చూడండి. వాడేసిన సూదుల డబ్బా ముప్పావు నిండితే మూసేసి, ఎవరికి అప్పగించాలో అడిగి మరీ ఇవ్వండి. కాఠ్మాండూ ఫ్లైటు మాత్రం అదే రోజుకి పెట్టుకోకండి, వానాకాలంలో కొండచరియలు పడితే రోడ్డు ఎప్పుడు తెరుస్తారో చెప్పలేం.