సోరియాసిస్ ఉన్నవారు క్యాన్సర్ విషయంలో పాటించవలసిన జాగ్రత్తలు

సోరియాసిస్ మచ్చ క్యాన్సర్‌గా మారుతుందన్న భయానికి ఆధారం లేదు. అయితే వ్యాధి ఏళ్ల తరబడి తీవ్రంగా ఉన్నవారిలో లింఫోమా (తెల్ల రక్తకణాల్లో వచ్చే ఒక రకం క్యాన్సర్), కొన్ని రకాల చర్మ క్యాన్సర్లు మిగతావారిలో కంటే కొంత ఎక్కువగా కనిపిస్తాయి. ఒంట్లో ఎడతెగని ఇన్‌ఫ్లమేషన్ (వాపు, మంట), వాడిన మందులు, పొగాకు, మద్యం, ఊబకాయం కలగలిసి ఉంటాయి కనుక ఏది ఎంత కారణమో విడదీసి చెప్పడం కష్టం.

అందుకే మొదట ఒక నోటుపుస్తకం పెట్టుకొని, తీసుకున్న ప్రతి చికిత్సనూ తేదీతో సహా అందులో రాయాలి. చర్మాన్ని కాంతికి సున్నితం చేసే సొరాలెన్ మాత్ర వేసుకున్న తరువాత యూవీఏ అనే అతినీలలోహిత కాంతిలో నిలబెట్టే పువా చికిత్సకు ఈ లెక్క మరీ ముఖ్యం. అమెరికాలో 1970ల నుంచి ఈ చికిత్స పొందినవారిని దశాబ్దాలపాటు గమనించగా, విడతలు పెరిగేకొద్దీ, ముఖ్యంగా రెండు వందలు దాటాక, స్క్వామస్ సెల్ (చర్మపు పైపొర కణాల్లో పుట్టే) చర్మ క్యాన్సర్ బాగా పెరిగినట్టు తేలింది. వారిలో అత్యధికులు తెల్లజాతివారు. మన చామనఛాయ చర్మానికి ఆ ముప్పు తక్కువే అయినా, ఆసుపత్రి మారినప్పుడల్లా పాత ఫైలుతోపాటు లెక్కా పోవడం మంచిది కాదు. పురుషులు ఈ చికిత్స సమయంలో జననాంగాలను తప్పక కప్పుకోవాలి. సొరాలెన్ లేకుండా వేరే రకం అతినీలలోహిత కాంతితో చేసే నారోబ్యాండ్ యూవీబీ చికిత్సలో ఇంతటి ముప్పు ఇప్పటివరకు కనిపించలేదు.

పువా తీసుకున్నవారు రోగనిరోధక శక్తిని అణిచే సైక్లోస్పోరిన్ మందు మొదలుపెట్టే ముందు, గతంలో క్యాన్సర్ వచ్చినవారు బయోలాజిక్ ఇంజెక్షన్లకు (రోగనిరోధక వ్యవస్థలోని కొన్ని భాగాలను అడ్డుకునే మందులకు) ముందు, ఆ సంగతి డాక్టరుకు తామే చెప్పాలి. అలాగని భయపడి మందులు సొంతంగా మానేయకూడదు.

నెలకొకసారి స్నానం తరువాత మంచి వెలుతురులో ఒళ్లంతా చూసుకోవాలి. వీపును ఇంట్లోవారిచేత చూపించుకోవాలి. మానని పుండు, రక్తం కారే గట్టి గడ్డ కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. పిరుదులు, తొడల వంటి ఎండ తగలని చోట్ల వచ్చి, ఎంత వైద్యం చేసినా లొంగని మచ్చలు మైకోసిస్ ఫంగాయిడిస్ అనే చర్మపు లింఫోమా కావచ్చు. అది చూపుకు సోరియాసిస్‌లాగే ఉండవచ్చు కనుక బయాప్సీ (చర్మపు చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) గురించి అడగడానికి మొహమాటపడవద్దు.

బీడీ, సిగరెట్, గుట్కా పూర్తిగా మానాలి. లేబుల్ లేని పొడులు, మాత్రలు ఎవరిచ్చినా తీసుకోవద్దు. ఒకప్పుడు సోరియాసిస్‌కు వాడిన ఆర్సెనిక్ ద్రావణం వల్ల చాలా ఏళ్ల తరువాత చర్మ క్యాన్సర్లు వచ్చాయి. లేబుల్ లేని అటువంటి మందులు ఇప్పటికే వాడి ఉంటే, మిగిలిన పొట్లాన్ని నోటుపుస్తకంతోపాటు డాక్టరుకు చూపించాలి.