తిరుపతి నుంచి యాస్నయా పోల్యానాకి: టాల్‌స్టాయ్ ఇల్లు చూడాలంటే

మాస్కో టూర్‌లో మిగిలిన పూట ఇక్కడికి పోయొద్దామనుకుంటే కుదరదు. రష్యన్ రచయిత టాల్‌స్టాయ్ ఎస్టేట్ యాస్నయా పోల్యానా మాస్కోకి దక్షిణంగా సుమారు 200 కిలోమీటర్లు. దీనికి రోజంతా కేటాయించండి. సోమవారం మ్యూజియం మూత.

పాస్‌పోర్ట్ పని తిరుపతి సేవాకేంద్రంలోనే అయిపోతుంది. రష్యా ఈ-వీసాకి ఆన్‌లైన్‌లో అప్లై చేయొచ్చు, కానీ అది ఒక్కసారి ప్రవేశానికే. పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా కొట్టండి. మన ఇంటిపేరు దగ్గరే ఎక్కువగా తడబడేది. విమానం చెన్నై నుంచి చూసుకోవడం సులువు.

డబ్బు సంగతి చాలా ముఖ్యం. 2022 మార్చి నుంచి బయటి దేశాల బ్యాంకులిచ్చిన వీసా కార్డులు, మాస్టర్‌కార్డులు అక్కడ పనిచేయవు. డాలర్లు నోట్లుగా తీసుకెళ్ళి, బ్యాంకులో రూబుళ్ళకి మార్చుకోండి.

మాస్కో కుర్‌స్కీ స్టేషన్లో పొద్దున్నే, ఎస్టేట్‌కి దగ్గరి ఊరైన తూలాకి రైలెక్కండి. తూలా నుంచి ట్యాక్సీలో పోతే పది, పన్నెండు కిలోమీటర్లు. యాస్నయా పోల్యానా పేరు రష్యన్ అక్షరాల్లో కాగితం మీద రాయించుకుని డ్రైవర్‌కి చూపించండి. మన ఉచ్చారణ వాళ్ళకి అందదు.

ఎస్టేట్ ఆవరణకి ఒక టికెట్టు, ఇంటికి వేరే టికెట్టు. ఇంట్లోకి గైడ్‌తో గుంపులుగా పంపుతారు కాబట్టి గేటు దగ్గరే మొదట ఇంటి టికెట్టు అడగండి. ఆలస్యమైతే తోట మాత్రమే చూసి తిరిగి రావాల్సి వస్తుంది. టాల్‌స్టాయ్ 1828లో పుట్టిన పెద్ద భవనం అమ్ముడుపోయింది. ఇప్పుడు చూసేది దాని పక్కనుండిన చిన్న భవనం. కానీ ఆయన పుట్టిన తోలు సోఫా చదువుగదిలో ఉంది, తప్పకుండా చూడండి. బల్ల ముందున్న పొట్టి కుర్చీని కూడా గమనించండి. దగ్గరి చూపు కావడంతో కాగితానికి కళ్ళు ఆనేలా కూర్చునేవారు. ఇంట్లో దాదాపు 22,000 పుస్తకాలున్నాయి.

చలికాలమైతే హార్స్‌లీ హిల్స్‌కి వేసుకునే స్వెట్టర్ ఏ మూలకీ రాదు. మంచులో జారని బూట్లు, మందపాటి సాక్సులు కావాలి.

టాల్‌స్టాయ్ సమాధికి అడవిలో నడిచి వెళ్ళాలి. శిలువ లేదు, పేరు చెక్కిన రాయి లేదు. లోయ అంచున పచ్చగడ్డి కప్పిన మట్టిదిబ్బ. చిన్నప్పుడు అన్న నికొలాయ్, మనుషులంతా సుఖంగా ఉండే రహస్యం రాసిన ఆకుపచ్చని పుల్లని అక్కడే పాతిపెట్టానని చెప్పాడట. దానికోసమే ఆయన అక్కడ పూడ్చమన్నారు. అక్కడ మాట్లాడకూడదు, ఫోను మూసేయండి. పూలు తీసుకెళ్ళారంటే, దిబ్బ మీద మెల్లగా పెట్టి రండి.