స్టిఫ్ షాఫ్ట్ తీసేశాక బంతి లేచింది

గోల్ఫ్‌లో రెండేళ్లుగా నా డ్రైవర్ (దూరం కొట్టడానికి వాడే పొడవైన క్లబ్) షాట్‌ది ఒకటే తీరు. బంతి కిందకిందనే వెళ్లి కుడివైపుకి తిరిగిపోయేది. లోపం నా స్వింగ్‌లోనే ఉందనుకుని రోజూ వంద బంతులు కొట్టాను. మోచేతి నొప్పి మిగిలింది.

చివరికి లాంచ్ మానిటర్ (స్వింగ్‌నీ బంతి వెళ్లే తీరునీ కొలిచే యంత్రం) దగ్గర కొలిపించుకున్నాను. స్వింగ్ వేగం గంటకు 87 మైళ్లు. నా షాఫ్ట్ (క్లబ్ కర్ర) మీద చూస్తే ‘ఎస్’ అక్షరం, అంటే స్టిఫ్, తక్కువ వంగేది. అది మామూలుగా 95 దాటినవాళ్లకి సరిపడేది. 85–95 మధ్య ఉంటే రెగ్యులర్ చాలు. కొన్నప్పుడు ఎవరూ నా వేగం అడగలేదు, అదే బాధ.

డ్రైవర్ హెడ్ అదే ఉంచి, తేలికైన రెగ్యులర్ షాఫ్ట్ వేయించాను. లాఫ్ట్ (క్లబ్ ముఖం వెనక్కి వాలే కోణం) 9 నుంచి 10.5 డిగ్రీలకి తిప్పించాను. మూడో బంతికే తేడా తెలిసింది: టక్‌మని తగిలి, పైకి లేచి, తిన్నగా వెళ్లింది. ఐరన్లనే చిన్న క్లబ్‌ల షాఫ్ట్‌లు కూడా వచ్చే నెల చూపించాలి.