అమెరికా పెట్రోల్ బంకులో మన కార్డు: నాకు పనిచేసిన దారి

డాలస్‌లో అద్దె కారులో పెట్రోల్ కొట్టిద్దామంటే పంపు దగ్గర మెషిన్ జిప్ కోడ్ అడిగింది. మన పిన్‌కోడ్‌కి 6 అంకెలు, అది తీసుకునేది 5. హోటల్ జిప్ కోడ్, 5 సున్నాలు, వేరే కార్డు, అన్నీ అయ్యాయి. ప్రతిసారీ డిక్లైన్. వెనక కార్లు ఆగిపోయాయి, టెన్షన్.

చివరికి పనిచేసింది ఇది. పంపు నంబరు చూసుకుని లోపల కౌంటర్ దగ్గరికి వెళ్లాను. "4వ నంబరు పంపుకి 30 డాలర్లు" అని చెప్పి, కార్డు చిప్ పెట్టాను. అక్కడ జిప్ కోడ్ అడగలేదు. తిరిగొచ్చి, హ్యాండిల్ తీసి, 87 అని రాసున్న రెగ్యులర్ బటన్ నొక్కి నేనే పోసుకున్నాను. 26 డాలర్లకే ట్యాంక్ నిండింది. బ్యాంక్ యాప్‌లో ముందు 30 చూపించింది, కొన్ని రోజులకి 26కి తగ్గింది. డెబిట్ కార్డయితే అన్ని రోజులూ ఆగిపోయేది మన ఖాతాలో డబ్బే, కాబట్టి క్రెడిట్ కార్డే మేలనిపించింది.

అక్కడే ఒక కూల్‌డ్రింక్ కొంటే బిల్లులో 8.25 శాతం ట్యాక్స్ విడిగా కలిసింది. ఎమ్మార్పీకి అలవాటుపడ్డ ప్రాణం కదా, చివుక్కుమంది. పెట్రోల్‌కి మాత్రం బోర్డు మీద ఉన్న రేటే.

బయల్దేరే ముందే యాప్‌లో ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేసుకున్నాను, అది లేకపోతే కౌంటర్లో కూడా పనిచేసేది కాదేమో. నేను చూసింది రెండు బంకులే. రాత్రిపూట లోపల మనిషి లేని చోట ఈ దారి కుదరదు.