సరుకు వదిలే ముందు: బిట్‌కాయిన్ చెల్లింపులో జాగ్రత్తలు

కడప జిల్లా యర్రగుంట్ల నుంచి నాపరాయి బండల లారీని బిట్‌కాయిన్ చెల్లింపుపై పంపదలచిన వ్యాపారి, కొనుగోలుదారు ఫోనులో కనిపించే సందేశాన్ని నమ్మి సరుకు వదలకూడదు. బిట్‌కాయిన్ లావాదేవీలు బ్లాకులు అనే జాబితాల్లో, ఒకదాని వెనుక ఒకటిగా సాగే గొలుసులో నమోదవుతాయి; అలా బ్లాకులో చేరని లావాదేవీని చెల్లింపుగా లెక్కించరాదు.

బ్లాకులో చేరాక కూడా ఆగాలి. సగటున 10 నిమిషాలకొక బ్లాకు వస్తుంది కనుక, వాడుకలో ఉన్న 6 నిర్ధారణలకు (లావాదేవీ ఉన్న బ్లాకు, దాని వెనుక మరో అయిదు బ్లాకులు చేరడానికి) దాదాపు గంట పడుతుంది. నెట్‌వర్క్ గణన శక్తిలో సగానికి మించి చేజిక్కించుకున్న మైనర్లు (కంప్యూటర్ గణనతో కొత్త బ్లాకులను చేర్చేవారు), అవే నాణేలను తమ ఖాతాకే మళ్లించే మరో గొలుసును రహస్యంగా పెంచి, లారీ కదిలాక బయటపెడితే, పొడవైన ఆ గొలుసునే నెట్‌వర్క్ అంగీకరిస్తుంది; మీకు వచ్చిన సొమ్ము రద్దవుతుంది. నిర్ధారణలు పెరిగేకొద్దీ ఈ మోసానికయ్యే ఖర్చూ పెరుగుతుంది. పెద్ద మొత్తాలకు మరింత సేపు ఆగడం అందుకే అవసరం.

చిన్న నెట్‌వర్కుల్లో ప్రమాదం చాలా ఎక్కువ. 2018లో బిట్‌కాయిన్ గోల్డ్, 2020లో ఇథీరియం క్లాసిక్ అనే వేరే డిజిటల్ నాణేల నెట్‌వర్కులు ఇలాగే దెబ్బతిన్నాయి. అద్దెకు తీసుకున్న గణన యంత్రాలతోనే దాడి చేయగలిగిన నాణేలను లారీ సరుకుకు స్వీకరించకపోవడమే మేలని నా దృఢాభిప్రాయం.

నిర్ధారణల సంఖ్యను కొనుగోలుదారు పంపిన లింకులో కాక, సొంత నోడ్‌లో (బ్లాకుల గొలుసును స్వయంగా తనిఖీ చేసే మీ కంప్యూటర్‌లో) సరిచూసుకోవాలి.